కీబోర్డు పక్కన అంజన్న

మా తమ్ముడికి కూతురు పుట్టినప్పుడు వాడు గల్ఫ్‌లో ఉన్నాడు. కాన్పు సిరిసిల్లలో, మరదలి తల్లిగారింట్లో అయింది. నేనుండేది జగిత్యాలలో. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపో గేటు దాటడం లేదు, బడులకు తాళాలు పడ్డాయి. ఫోన్లున్నాయి గానీ అవి మాట వినిపించేవే, ముఖం చూపించేవి కావు.

ఇరవై ఒకటో రోజున తొట్టెల వేడుక, ఉయ్యాలలో వేసి పేరు పెట్టే పండుగ. పిల్లను తొట్టెలలో వేశాక పేరును మొదట దాని చెవిలో చెప్పాల్సింది మేనత్త, అంటే నేనే. ఏం పేరు పెడదామని తమ్ముణ్ణి అడిగితే వాడు మొండికేశాడు.

"ఇప్పుడు చెప్పనక్కా. నా బిడ్డ మొఖం సూసినంకనే చెప్త. మొఖం సూడకుంట పేరెట్ల పెడ్తరు?"

"నువ్వు అచ్చేదాక పిల్ల పేరు లేకుంటనే ఉండాల్నా ఏందిరా?"

"లాప్‌టాప్ పంపిన గదా, దాంట్ల సూస్త."

ఆ లాప్‌టాప్‌ను సెలవు మీద కోరుట్ల వస్తున్న స్నేహితుడి చేత కాన్పుకు ముందే పంపించాడు. అది నా దగ్గరికి రావడానికి కారణముంది. నేను బడికి పోలేదు గానీ చదవడం వచ్చు. పళ్లెంలో బియ్యం పోసి, వేలు పట్టి దిద్దించి, మా నాయనే నాకు ఇంట్లో అక్షరాలు చెప్పాడు. ఇంగ్లిష్ అక్షరాలు తమ్ముడి పుస్తకాల్లో చూసి వాడి దగ్గరే నేర్చుకున్నాను. ఇంటివాళ్లలో దాన్ని తెరిచే ధైర్యం నాకే ఉందని వాడి నమ్మకం. వాడు ఫోన్లో చెబుతుంటే డాటా కార్డు గుచ్చాను, చెప్పిన చోటల్లా నొక్కాను. కాసేపటికి తెర మీద వాడి ముఖం వచ్చింది. గడ్డం పెంచాడు. చెంప మీద చెయ్యి పెడితే అద్దం గోరువెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనం వాడిదేననిపించింది నాకు.

పిల్ల క్షేమంగా పుట్టిందని కొండగట్టు ఆంజనేయస్వామి దగ్గరికి వెళ్లి మొక్కు తీర్చుకున్నాను. అక్కడ వేలెడంత అంజన్న బొమ్మ ఒకటి కొన్నాను, జీపుల్లో డ్రైవర్లు ముందర పెట్టుకునే రకం. సిరిసిల్ల తీసుకుపోయేముందు ఒకసారి సరిచూసుకుందామనుకున్నాను. ఇంత పెద్ద పనికి దేవుడు తోడుండాలని, లాప్‌టాప్ తెరిచి, కీబోర్డుకు ఎడమ పక్కన ఆయన్ను నిలబెట్టి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుని స్విచ్ నొక్కాను.

లైటు వెలిగింది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. తెర మాత్రం తుడిచిన పలకలాగా నల్లగా ఉండిపోయింది.

ఆపి మళ్లీ నొక్కాను. చార్జరు పీకి చూశాను. అదే తీరు. తొట్టెలకు ఇక నాలుగే రోజులు.

సంగతి ఫోన్లో చెబితే తమ్ముడు కోరుట్లలో ఒక రిపేరాయన గుర్తులు చెప్పాడు. పొద్దున్నే షేరింగ్ ఆటోలో పోయాను. ఆయన పెద్దమనిషి, ముస్లిం. ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన చేతులు. బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఒక్కసారి నొక్కాడు. తెర తెల్లగా వెలిగింది!

"దీనికేమైందమ్మా? మంచిగనే ఉన్నది."

"ఇంట్ల నల్లగున్నది భాయ్, ఒట్టు!"

"నా మొఖం జూసి భయపడ్డట్టున్నది," అని నవ్వి, నాలుగైదు సార్లు ఆపి, వెలిగించి నా చేతికిచ్చాడు.

దారి పొడుగునా దేవుడికి దండాలు పెట్టుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, అంజన్నను పక్కన నిలబెట్టి, కళ్లు మూసుకుని స్విచ్ నొక్కాను. కళ్లు తెరిస్తే అదే నలుపు.

ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుని ఏడ్చాను. ఏం తప్పు చేశానో తెలియలేదు. కన్నతండ్రి బిడ్డ ముఖం చూడటం నీకిష్టం లేదా స్వామీ అని అడిగాను. అడిగినందుకు మళ్లీ భయపడ్డాను.

మర్నాడు బొమ్మను కూడా చేతి రుమాలులో చుట్టుకుని కోరుట్ల పోయాను. ఆయన తెరవగానే మళ్లీ వెలిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"అక్కా, దీనికి మా దుకాణం నచ్చింది. ఈన్నే వదిలిపెట్టు," అన్నాడు.

"ఆగు భాయ్. ఇంట్ల ఎట్ల జేస్తనో అట్లనే జేసి సూపిస్త," అని రుమాలు విప్పి అంజన్నను ఎడమ పక్కన నిలబెట్టాను.

తెర ఆరిపోయింది.

ఆయన నవ్వు కూడా ఆగిపోయింది. "తియ్యి" అన్నాడు. తీశాను, వెలిగింది. "మళ్ల పెట్టు." పెట్టాను, ఆరిపోయింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు, ఏదీ నొక్కలేదు.

ఆయన చేతులు గుడ్డతో శుభ్రంగా తుడుచుకుని, "నేను ముట్టుకోవచ్చునా అక్కా?" అని అడిగాడు.

"ముట్టుకో భాయ్. ఆయన ఏమనడు."

బొమ్మను రెండు చేతులతో ఎత్తి, దాని అడుగును బల్ల మీది చిన్న మరమేకు దగ్గరికి తెచ్చాడు. మేకు టక్కున ఎగిరి అతుక్కుంది.

"సూసినవా? కింద అయస్కాంతం ఉన్నది, జీపుల ఇనుముకు పట్టుకుని ఉండెతందుకు. ఈ లాప్‌టాప్ మూతల గూడ చిన్న అయస్కాంతం ఉంటది. మూత మూస్తె అది ఈ ఎడమ దిక్కుకస్తది, అప్పుడు తెర ఆరిపోతది. నువ్వు ఈయన్ని కూసోబెట్టంగనే మూత పడ్డదనుకున్నది. మీ అంజన్న జో కొడుతుండు, ఇది పండుకుంటున్నది!"

"అంటే తప్పు దేవునిదా?" అన్నాను భయంగా.

"తోబా తోబా! దేవుని తప్పు గాదు, నువ్వు కూసోబెట్టిన జాగ తప్పు."

నవ్వాను గానీ నా కళ్లు ఆ మేకు మీదే ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కనబడనిదానికే దండం పెడుతున్నాను. కనబడనిది పనిచేయడం కళ్లారా చూసింది మాత్రం ఆ బల్ల ముందే. దాన్ని నాకు చూపించిన ఆ పెద్దమనిషికి చెయ్యెత్తి మొక్కాను. "నాకెందుకమ్మా" అని ఆయన సిగ్గుపడ్డాడు.

తొట్టెలకు ముందు రోజు సిరిసిల్ల బయలుదేరాను. లాప్‌టాప్ సంచి కాళ్ల దగ్గర, అంజన్న ఒళ్లో. మూడు ఆటోలు మారాను. ఒకచోట సమ్మెవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఆటోను ఆపేశారు. గరిటె పట్టుకున్న ఒకామె, "బ్యాగుల ఏమున్నదక్కా, గంత భద్రంగ?" అంది.

"మా తమ్ముడున్నడు," అన్నాను. సంగతంతా విని ఆమె పకపకా నవ్వి, విస్తరిలో అన్నం పెట్టి, నేను తినేదాకా ఆగి, తనే దారి ఇప్పించింది.

మరదలి తల్లిగారింటికి రెండు వైపులా సాంచాలే. ఆ మరమగ్గాలు ఆడుతుంటే పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి. తొట్టెల నాడు బంద్ పడింది. ఒక్క సాంచా కూడా ఆడలేదు. ఆ వీధి అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెన్నడూ ఎరగను.

అంజన్నను గదిలో ఆ చివరనున్న ఇనుప బీరువాకు పెట్టాను. టక్కున అతుక్కుని మమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు. ఇటు చివర లాప్‌టాప్ తెరిచాను. తెర వెలిగింది. తమ్ముడు వచ్చాడు. గడ్డం గీసుకుని, కొత్త చొక్కా వేసుకున్నాడు. మరదలు పిల్లను తెర ముందుకు ఎత్తి పట్టుకుంది.

వాడు తెరకు దగ్గరగా జరిగాడు. ముక్కు తుడుచుకున్నాడు.

"ఏందల్లుడా, ముక్కు తుడుసుకుంటున్నవ్? అదే ముక్కు నీ బిడ్డకు అచ్చింది, ఏం జేస్తం!" అని వాళ్లత్త అంది. అందరూ నవ్వారు. తెర మీద వాడూ నవ్వాడు, మాకంటే కాస్త ఆలస్యంగా.

"అక్కా, చెవి పెట్టు," అన్నాడు.

మరదలు పిల్లను తొట్టెలలో వేసింది. నేను మాట వచ్చే చోట చెవి ఆనించాను. సాంచాలు ఆడుతుంటే ఆ గుసగుస నాకు అందేది కాదు. పేరు ముందు వినబడింది. తల తిప్పి చూసేసరికి తెర మీద వాడి పెదవులు ఆ పేరే పలుకుతున్నాయి.

వంగి, తొట్టెలలో ఉన్న పిల్ల చెవిలో ఆ పేరు చెప్పాను.