చంకలో ఉల్లిపాయ

పాతపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడకు యాభై ఏళ్లుంటాయి. స్పీడ్ బ్రేకర్ దగ్గర బస్సు ఎగిరిపడగానే ఆవిడ చంకలోంచి చిన్న ఉల్లిపాయ జారి నా కాళ్ల దగ్గర పడింది. బడి ఎగ్గొట్టాలనుకునే పిల్లలు జ్వరం వస్తుందని అలా పెట్టుకుంటారు. నేను నర్సుని. తీసి ఇస్తూ, "దీంతో జ్వరం రాదమ్మా" అన్నాను నెమ్మదిగా.

ఆవిడేమీ కంగారుపడలేదు. "నాకూ తెలుసమ్మా. అయినా ఆస్పత్రిలో సెయ్యట్టుకుని సూస్తారు. ఎలాగున్నాది అనడుగుతారు. ఇంటికాడ ఎవులడుగుతారు?"

"దొరికిపోతే తిడతారు కదా?"

"తిడతారు. మొన్న డాక్టరుబాబు ఇదే సూసి, పేరెట్టి పిలిసి మరీ తిట్టీసినాడు." ఆవిడ ముఖం వెలిగింది. "ఇంటికాడ నన్నెవులూ పేరెట్టి పిలవరమ్మా."

ఆస్పత్రి రాగానే ఉల్లిపాయ మళ్లీ చంకలో పెట్టుకుని లేచింది. బస్సు మెట్లు దిగుతూనే వణకడం మొదలుపెట్టింది.

ఇప్పటికీ వార్డులో పేరు పిలిచినప్పుడు ఎవరైనా వెంటనే పలక్కపోతే, ఇంకోసారి వినాలనుందేమో అనుకుంటాను.