టింగు ఆపే స్విచ్

మా పక్కింటి పెద్దాయన ఈమధ్య కొన్ని రోజులపాటు తెల్లటి పేజీ చదివారు. పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని పత్రిక సైటు తెరవడం, పైనుంచి కిందిదాకా ఖాళీ తెరను చూడడం, కళ్లజోడు తుడుచుకుని లేవడం. పత్రిక మూతపడిందని తేల్చుకున్నాక ఆ కబురు వీధిలో నలుగురికీ బాధగా చెప్పారు. విన్నవాళ్లూ బాధపడ్డారు.

అసలు సంగతి కనిపెట్టింది ఆయన కోడలు. బ్రౌజర్‌కి కాపలా కాసే ఎక్స్‌టెన్షన్ తయారుచేసే కంపెనీలో ఆమె పని. మామగారి కంప్యూటర్లో దాన్ని పెట్టిందీ ఆమే. సైటు మీద ఏమాత్రం అనుమానం వచ్చినా అది టింగుమంటుంది. ఆమధ్య అచ్చం బ్యాంకులా ఉన్న దొంగ పేజీలో ఆయన పాస్‌వర్డ్ కొట్టబోతుంటే ఆపింది ఆ టింగే. అయితే చీటికీమాటికీ మోగుతోందని విసుగెత్తి, శబ్దం కట్టేద్దామని ఆయన సెట్టింగ్స్‌లోకి దిగారు. వేలు పక్కనున్న స్విచ్ మీద పడింది. అది సైట్లలో అక్షరాలనూ బొమ్మలనూ తెర మీదికి తెచ్చే స్క్రిప్టులన్నీ ఆపేసే స్విచ్. పత్రిక మాయమైంది. టింగు మాత్రం మోగుతూనే ఉంది. కోడలు ఆ స్విచ్ సరిచేసి పత్రికను వెనక్కి తెచ్చింది.

"నెలాఖరుదాకా చూస్తానమ్మాయ్. అప్పటికీ ఈ గోల తగ్గకపోతే పీకి పారేస్తా," అన్నారాయన.

అన్నంత పనీ చేసే మనిషి. అప్పుడు ఇంకో దొంగ పేజీ వస్తే ఆపే దిక్కుండదు. మర్నాడే ఆఫీసులో ఆమె పట్టుబట్టి కూర్చుంది. ఆ సెట్టింగ్స్ పేజీ మార్చాల్సిందే.

మేనేజర్ ససేమిరా అన్నాడు. స్విచ్‌లన్నీ కళ్లెదుటే ఉండడం మన గొప్ప, ఎప్పట్నుంచో వాడేవాళ్లు మొత్తుకుంటారు, మీ మామగారొక్కరి కోసం ఇల్లు పడగొట్టి కట్టుకుంటామా అన్నాడు. ఆమె మాటకు మాట పెంచలేదు.

"ఆ శబ్దం ఒక్కసారి మీరే ఆపి చూపించండి సార్, చాలు."

ఆ పేజీకి సరేనన్న మనిషే కదా, ధీమాగా మౌస్ అందుకున్నాడు. కిందికి వెళ్లాడు, పైకి వచ్చాడు, గొంతు సవరించుకున్నాడు, ఏదో నొక్కాడు. పక్కనే తెరిచి ఉన్న ఆఫీసు మెయిల్ తెల్లబోయింది. దాని వెనకే అతనూ. మౌస్ ఆమె వైపు తోసి, కానివ్వమ్మా అన్నాడు.

ఇక ఆమెకు అదే ధ్యాస. రోజూ అవసరమయ్యే శబ్దం స్విచ్‌ని పెద్ద అక్షరాలతో పైకి తెచ్చింది. అది ఆపేసినా దొంగ పేజీకి అడ్డంగా ఎర్రటి తెర పడేలా చూసింది. తెలియక నొక్కితే సైట్లను చెడగొట్టే స్విచ్‌లన్నిటినీ అడుగున ఒక మీట వెనక్కి నెట్టింది. ఆ మీట మీద రాయాల్సిన ఒక్క ముక్క కోసం ఇంటిల్లిపాదినీ పీక్కుతింది. 'అధునాతన అనుమతులు' అంటే మొగుడికి అర్థం కాలేదు. 'ప్రమాదం' అంటే అత్తగారు కంప్యూటరే ముట్టుకోనన్నారు. రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి 'ఇక్కడివి మారిస్తే కొన్ని సైట్లు ఖాళీగా కనిపిస్తాయి' దగ్గర ఆగింది.

నెలాఖరు రాకముందే కొత్త పేజీ వచ్చింది. పెద్దాయన పైనున్న స్విచ్ నొక్కారు. టింగు ఆగిపోయింది. చదవకుండా పోయిన పత్రికలన్నీ కూర్చుని వరసగా చదివేశారు. ఆ తర్వాత తోచక మళ్లీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ముఖం ముడుచుకుని కోడల్ని పిలిచారు.

"అన్నీ ఎక్కడ దాచేశావమ్మాయ్? నాకు నొక్కుకోడానికి ఒక్కటే మిగిల్చావు."

"అందుకే మావయ్యా, మీ పేపరు రోజూ వస్తోంది."