ఓడ తెచ్చిన రోకలి

2015వ సంవత్సరం. జడ్చర్ల దాటాక హైవే పక్కన ఉన్న ఒక ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో నేను స్క్రాప్ యార్డు సూపర్‌వైజర్‌ని. లారీల్లో వచ్చే పాత ఇనుమును ఏరి ఫర్నేస్‌కి, అంటే కొలిమికి పంపడం నా పని. మూత బిగిసిన డబ్బాగానీ, రెండు చివరలూ మూసుకుపోయిన పైపుగానీ కొలిమిలో పడితే లోపలి తడి ఆవిరై పేలుతుంది. కరిగిన ఇనుము మనుషుల మీద కురుస్తుంది. అందుకే అలాంటివి గ్యాస్ కట్టర్‌తో కోసి, తెరిచాకే పంపాలి.

ఆ ఎండాకాలం ఒక సరుకుల స్టీమరు ముక్కలై వచ్చింది. ఆ ఓడ గురించి నాకు తెలిసినంత దాన్ని కట్టినవాళ్లకు కూడా తెలియదని చెప్పుకు తిరిగాను. నిజానికి అప్పటికి నేను సముద్రమే చూడలేదు. సరుకు తెచ్చిన ఏజెంటు చాయ్ తాగుతూ చెప్పిందే నా చదువంతా. మొదట అది గోధుమలు, బియ్యం మోసిందట. రెండో ప్రపంచ యుద్ధంలో సర్కారు తీసుకుని, వెనక ఒక ఫిరంగి బిగించి, గుండ్లు, సైనికుల తిండిగింజలు మోయించిందట. యుద్ధం అయ్యాక మళ్లీ ధాన్యం, తర్వాత బొగ్గు, సిమెంటు. చివరికి బాయిలర్ పాడై, ఏదో రేవులో కదలని గోదాముగా ఏళ్లకేళ్లు పడి ఉందట. రేకులు గీకి చూస్తే నిజమే. పైన నలుపు, దాని కింద యుద్ధకాలపు బూడిదరంగు, ఇంకా కింద ఎరుపు. ఒక రేకు మీద ఒకదానిపై ఒకటి మూడు పేర్లు.

"మూడు మనువులు చేసుకున్నట్టుంది గీ ఓడ" అంది బాలమ్మ.

బాలమ్మ మా యార్డు కూలీ. ఓడ అడుగు రేకులకు అంటిన సిమెంటు గడ్డలు సుత్తితో రాలగొట్టేది. ఒక గడ్డలోంచి మోచేతి పొడవు ఇనుప మొద్దు బయటపడింది. ఒక కొన మొన, ఇంకో కొన చదును. ఆమె దాన్ని కడిగి, అన్నాల వేళ పచ్చిమిర్చి, ఎల్లిగడ్డ దంచడం మొదలుపెట్టింది. మొన రెండు చేతుల్లో పట్టుకుని, చదును కొనతో దంచేది. ఆ తొక్కు రోజూ నేనూ తిన్నాను. మెచ్చుకున్నాను కూడా.

ఒకరోజు తుప్పు రాలి, ఆ మొద్దు చదును కొన దగ్గర రాగి పట్టీ కనిపించింది. రాగికి ధర ఎక్కువ. మొద్దు గట్టిదో, లోపల బోలుదో కూడా చూడకుండా గ్యాస్ కట్టర్ పట్టే సైదులును పిలిచి కోయమన్నాను.

బాలమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నేనియ్య సారూ. గిది నా రోకలి."

"కంపెనీ మాల్ అది. మీ అవ్వగారు పెట్టిన సారె కాదు."

"తొక్కు తినేటప్పుడు కంపెనీ యాదికి రాలేదా? నాకంటె రెండు ముద్దలు ఎక్కువే తింటివి!"

సైదులు మంట వెలిగించి నవ్వాడు. "వదినా, జర ఇయ్యి. పట్టీ తీసి మల్ల ఇస్త."

"ముందుగాల నన్ను కొయ్యి. తర్వాత దాన్ని కోద్దువు."

నాకు ఒళ్లు మండింది. ఒక కొన పట్టుకుని లాగాను. ఆమె ఇంకో కొన వదలలేదు. ఆ గొడవకు గేటు దగ్గరి కాపలాదారు నర్సిరెడ్డి వచ్చాడు. మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. మమ్మల్ని కోప్పడబోయి, మా చేతుల్లోది చూసి ఆగిపోయాడు.

"సారూ, ఇడువకుండ్రి. ఇద్దరూ గట్లనే పట్టుకోండ్రి. సైదులూ, మంట బందు చెయ్."

"ఏమైందయ్యా?"

"గది ఫిరంగి గుండు. పేలనిది."

నర్సిరెడ్డి చెప్పినట్టు ఇద్దరం కలిసి దాన్ని ఇసుక మీద పడుకోబెట్టాం. గుండును నేనే కనిపెట్టి, అందరినీ బయటికి పంపి, చివరగా నేను కదిలానని చాలామందికి చెప్పాను. అదీ కోతే. అందరికంటే ముందు గేటు దాటింది నేను. చెప్పులు యార్డులోనే ఉండిపోయాయి.

పోలీసుల బాంబు స్క్వాడ్ వచ్చి, దూరంగా బీడులో గుంత తీసి పేల్చింది. కాళ్ల కింద నేల అదిరింది. క్యాంటీన్ అద్దాలు గలగలమన్నాయి. అన్నేళ్లు సిమెంటులో పడుకుని కూడా అది బతికే ఉంది.

బాలమ్మ రోడ్డు అంచున కూర్చుని తన అరచేతులు చూసుకుంటోంది. "ఐతారం ఇంటికి తీస్కపోదామనుకున్న సారూ. మా మనవరాలు, నేను దంచుతనే అవ్వా అని ఒకటే మంకు..." అంది.

ఆమె మొండికేయకపోతే ఆ మంట గుండుకు తగిలేది. ఆమెకు కావలసింది రోకలి, నాకు రాగి. దాని సంగతి ఇద్దరికీ తెలియదు. అప్పటిదాకా లారీ రాగానే తూకం ఎంతని అడిగేవాణ్ణి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఈ ఇనుము ఏమేం మోసిందని అడిగాకే లారీకి గేటు తీయించాను.