రొయ్య పెంకు వదిలిన మూడు నిమిషాలు

మా మామగారు ముప్పై ఏళ్లుగా రొయ్యలు సాకుతున్నారు. అన్నేళ్లలో ఒక్క రొయ్య కూడా ఆయన కళ్ల ముందు పెంకు వదల్లేదు. చెరువు నీళ్లు మట్టిరంగులో ఉంటాయి. రొయ్య ఆ పని అడుగున, ఎవరి కంటా పడకుండా చేసుకుంటుంది. మేత తిన్నాయో లేదో చూడటానికి దించే చెక్ ట్రేలో ఖాళీ పెంకులు కనబడితే, "వదిలినాయి" అనుకోవడమే ఆయనకు తెలిసింది.

పెళ్లయి తోటపల్లి గూడూరు పక్కకు వచ్చాక కూడా నేను నా పని మానలేదు. కంప్యూటర్‌లో బొమ్మలు కదిలించడం, అంటే మోషన్ గ్రాఫిక్స్, నా వృత్తి. అప్పటిదాకా చేసినవన్నీ ప్రకటనల్లో ఎగిరే అక్షరాలు, గుండ్రంగా తిరిగే గుర్తులు. రొయ్యల రైతులకు శిక్షణ ఇచ్చే ఒక కేంద్రం వాళ్లు పిలిచి, రొయ్య పెంకు వదిలే తీరును లోపలి పొరలతో సహా మూడు నిమిషాల బొమ్మగా చేసివ్వమన్నారు. ఒప్పుకున్నాను గానీ, అది ఎలా ఉంటుందో నాకూ తెలియదు.

సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలో పనిచేసే ఒక అక్క నన్ను గాజుతొట్టి ముందు కూర్చోబెట్టింది.

"రెప్ప కూడా వేయబాక అమ్మాయ్. ఇట్టా చూసేలోపల అయిపోతాది."

రెండు రోజులు ఏమీ జరగలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఒక రొయ్య తలకీ ఒంటికీ మధ్య సన్నటి చీలిక పడింది. అది ఒళ్లంతా వంచి ఒక్క గుంజు గుంజి బయటికి వచ్చేసింది. వెనక దాని ఖాళీ రూపం నీళ్లలో తేలుతోంది. కాళ్లు, మీసాలు, కంటి మీది పొర, ఏదీ తగ్గలేదు. "కడుపులోపలి పొర కూడా వదిలేస్తాది" అంది అక్క, తన ఫోన్‌లో అంతా తీస్తూనే. ఆ అరచేతంత తొట్టిలో ఒక ప్రాణి తనలోంచి తానే బయటికి వచ్చింది.

దాన్ని కంప్యూటర్‌లో కట్టడానికి రెండు నెలలు పట్టింది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. కట్టిన ప్రతి బొమ్మకూ వెలుగూ నీడా లెక్కగట్టి కంప్యూటర్ తుదిరూపం ఇవ్వాలి. దాన్ని రెండరింగ్ అంటాం. నీళ్లు, నీళ్లలో నలుసులు, వెలుగు దూరే పలుచటి పెంకు. నా యంత్రం ఒక్క బొమ్మకు అరగంట తీసుకుంది. సెకనుకు పాతిక చొప్పున మూడు నిమిషాలకు నాకు కావలసినవి నాలుగువేల అయిదు వందలు. రాత్రింబవళ్లు ఆపకుండా నడిపినా మూడు నెలలు దాటుతుంది. కేంద్రం వాళ్ల గడువుకు మిగిలింది రెండు వారాలు.

ఇక మిగిలిన దారి క్లౌడ్ రెండరింగ్. ఎక్కడో వందల యంత్రాలు పెట్టుకున్న వాళ్లకు మన ఫైలు పంపితే, అవన్నీ తలా కొన్ని బొమ్మలు చేసి తిరిగి పంపుతాయి. అలాంటి సేవలు మూడు ఎంచుకున్నాను. వాళ్ల మాటలు నమ్మకుండా, మూడింటికీ ఒకే బొమ్మ పంపాను. పెంకు సగం చీలిన క్షణం, అన్నిటికన్నా బరువైనది.

మొదటి చోటునుంచి వచ్చిన రొయ్య ప్లాస్టిక్ ఆటబొమ్మలా ఉంది. నీటి నలుసుల కోసం నేను వాడిన సాఫ్ట్‌వేర్ పనిముట్టు వాళ్ల దగ్గర లేదు, లేదని చెప్పనూ లేదు. రెండో చోట బొమ్మ బాగుంది గానీ ఫైలు ఎక్కించడమే గండమైంది. మా వీధి చివర కాలువ పూడిక తీస్తూ రెండుసార్లు ఇంటర్నెట్ తీగ తెంపారు. తెగిన ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి ఎక్కించమంది. మూడోది మాత్రం ఆగిన చోటునుంచే అందుకుంది. పైగా అక్కడి సహాయకురాలు ఒకామె స్వయంగా రాసింది: "ఒక్క బొమ్మ చూసి మమ్మల్ని ఎంచుకోకండి. వరసగా పది పంపండి. వెలుగు మినుకుమినుకుమంటే ఒక్కదానిలో తెలియదు." పంపాను. నిజంగానే మినుకుమంది. తప్పు నా ఫైలులోనే ఉంది. ఆమె చెప్పిన చోట సరిచేశాను. ఇక మరో ఆలోచన లేకుండా వాళ్లకే ఇచ్చాను.

ఒక ఉదయం ఇడ్లీలు తిని మీట నొక్కాను. తెరమీద నాలుగువేల అయిదు వందల చిన్న గళ్లు వచ్చాయి. అన్నీ బూడిదరంగు. కాసేపటికి ఒకటి పచ్చగా మారింది, ఎక్కడో మూలన ఇంకొకటి, ఆపైన చిటపటా వాన పడ్డట్టు అంతటా. నా దానికన్నా ఎంతో వేగమైన యంత్రాలు రెండు వందలు ఒకేసారి పట్టుకున్నాయి. బొమ్మలు వరస లేకుండా వచ్చిపడుతున్నాయి, రొయ్య కన్ను, చీలిక, తోక, మళ్లీ కన్ను. నేను కుర్చీలోంచి లేవలేకపోయాను.

చెరువు మీదనుంచి వచ్చిన మామ గడపలోనే నిలబడిపోయారు.

"ఏందమ్మా అయి?"

"మన రొయ్యే మామా. రెండు వందల కంప్యూటర్లు చేస్తా ఉండాయి."

"యాడుండాయి?"

"ఏ దేశంలోనో. నాకూ తెలియదు."

ఆయన తువ్వాలు పరుచుకుని నా పక్కనే నేలమీద కూర్చున్నారు. అన్నం వేళకు అన్ని గళ్లూ పచ్చబడ్డాయి. మూడు నెలల పని ఒక్క పూటలో ముగిసింది.

బొమ్మలన్నీ వరస చేర్చి ఆడించాను. చీలిక పడినప్పుడు మామ చేయి నోటికి అడ్డం పోయింది. "ఇట్టనా..." అన్నారు మెల్లగా. మళ్లీ వేయమన్నారు. నాలుగుసార్లు చూశాక గొంతు సవరించుకున్నారు.

"అంతా బాగుండాది గానీ, చివర్న అట్టా బిరబిరా ఈదుకుంటా పోదమ్మా."

"మీరెప్పుడూ చూళ్లేదుగా మామా?"

"చూళ్లా. కానీ అప్పుడే పెంకు వదిలిన మెత్తరొయ్య చేతికి దొరికితే ఎగరదు. అంత పని చేసినాక దానికి ఓపిక యాడుంటాది?"

అక్క తీసిన వీడియో తెరిచాను. తొట్టి ముందు నా కళ్లు ఖాళీ పెంకు మీదే ఉండిపోయాయి, వీడియోలోనూ చీలిక దగ్గరే ఆపి ఆపి చూశానే తప్ప చివరిదాకా చూడలేదు. బయటపడ్డ రొయ్య పక్కకు ఒరిగి, తొట్టి అడుగున కదలకుండా పడి ఉంది. చాలాసేపటికి గానీ ఒక కాలు కదల్లేదు. ఆయన చేతులకు తెలిసింది నా కళ్లకు తెలియలేదు. నా ఒక్క యంత్రమే దిక్కయి ఉంటే, చివరి ఎనిమిది సెకన్ల కోసం నాలుగు రోజులు పోతాయని, పర్లేదులే అని వదిలేసేదాన్ని. రొయ్యను పడుకోబెట్టి మళ్లీ పంపాను. మామ టీ తాగి గ్లాసు కింద పెట్టేసరికి సగం బొమ్మలు వచ్చేశాయి.

శిక్షణరోజు హాలంతా రైతులే. రొయ్య ఒరిగి పడుకున్నప్పుడు ఎవరూ కుర్చీ కూడా కదపలేదు. వెనక వరసలో ఒకాయన అన్నాడు, "పాపం, అప్పుడు దాన్ని ఇంకో రొయ్య తినేస్తాది." పక్కాయన, "నలిగిపోతాయి, ఆ పూట వల వేయబాకండబ్బా" అన్నాడు. శిక్షకురాలు చెప్పవలసిన పాఠం అదే. ఆవిడ నవ్వి సుద్దముక్క పక్కన పెట్టేసింది.