కౌన్సిల్ మీటింగులో నేను తాగిన టీ

నాకు కుదురు తక్కువని పెళ్ళయిన కొత్తలోనే మా అత్తగారు కనిపెట్టారు. కత్తిపీట ముందు కూర్చోబెట్టి కూరలు తరగమంటే మధ్యలో నాలుగుసార్లు లేచేదాన్ని. అలాంటి నన్ను తీసుకెళ్ళి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే కుర్చీకి అతుక్కుపోయే పనిలో పడేసిన ఘనత మావారిది.

పని అంటే పదవే. ఢిల్లీని ఆనుకుని ఉన్న మా ఊళ్ళో నేను మున్సిపల్ కౌన్సిలర్ని. ఇక్కడి మాటలో పార్షద్. మావారు సైన్యంలో సుబేదారుగా రిటైరై, ఫ్యాక్టరీల మధ్యనున్న ఈ సెక్టారులో ఇల్లు కట్టుకున్నాక కాలనీ సంఘానికి ఆయనే పెద్దమనిషయ్యారు. ఎన్నికల్లో నిలబడాలని ఆయనకి ఎప్పటి నుంచో కోరిక. తీరా చూస్తే మా వార్డు ఆడవాళ్ళకి రిజర్వయింది. ఆయన ఒక పూట అన్నం మానేసి, రెండో పూటకల్లా తేరుకుని నన్ను నిలబెట్టారు. ఇక్కడివాళ్ళు రెండు వర్గాలుగా చీలి కొట్టుకుంటుంటే, ఏ వర్గానికీ చెందని మద్రాసీ సుబేదారు భార్య మధ్యలోంచి నెగ్గుకొచ్చేసింది. మాది శ్రీకాకుళం అని ఎన్నిసార్లు చెప్పినా వీళ్ళకి మేం మద్రాసీలమే.

నెగ్గింది నేను. దండలు మాత్రం ఆయన మెడలో పడ్డాయి. "పార్షద్ జీ ఉన్నారా?" అని ఫోనొస్తే ఆయనే ఎత్తి "చెప్పండి" అనేవారు. ఒక్క మా ఇంట్లోనే కాదు, కౌన్సిలరు మొగుడు అన్నది ఈ చుట్టుపక్కల ఒక హోదా. కొందరు దాన్ని విజిటింగ్ కార్డు మీద కూడా అచ్చు వేయించుకుంటారు. ముందుగదిలో ఆయన వార్డు సంగతులు చూస్తుంటే నేను లోపల టీ మరగబెట్టేదాన్ని. నాకు ఒళ్ళు మండేది. అయితే ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు, అందుకని గిన్నెల మీద చూపించేదాన్ని.

మా సెక్టారు చివర కూరగాయల సంత ఉంది. అక్కడ సొరకాయలు, పాలకూర అమ్మే ఒకావిడ దగ్గరే నేను ఎప్పుడూ కొంటాను. ఒక మిట్టమధ్యాహ్నం, ఎండకి కళ్ళు బైర్లు కమ్ముతుంటే, నా సీసాలోంచి నాలుగు గుక్కలు తాగి ఆవిడకి అందించాను. ఆవిడ పుక్కిలించి ఉమ్మేసి, సీసా తిరిగిచ్చేసింది.

"తాగు తల్లీ, మంచి నీళ్ళే" అన్నాను నాకొచ్చిన హిందీలో.

"తాగితే ఎక్కడికెళ్ళను దీదీ?" అంది.

చుట్టూ చూశాను. సంతలో మగవాళ్ళకి గోడ ఉంది. ఆడవాళ్ళకి ఏమీ లేదు. అలా నీళ్ళు తాగకుండా తాగకుండా ఆవిడకి లోపల రాళ్ళు తేలాయట. నీళ్ళు బాగా తాగమని డాక్టరు చెప్పాడు. కిందటి ఎండాకాలం ఆ నొప్పికి కొట్టు దగ్గరే పడిపోయింది. ఇంకోసారి పడితే కొట్టు మాన్పించేస్తామని ఇంట్లోవాళ్ళు అంటున్నారు. మానేస్తే ఆ చోట సాయంత్రానికల్లా ఇంకొకరు గోనె పరుస్తారు. "ఈ గోనె ఒక్కటే నాది దీదీ" అంది, దాని అంచు సర్దుకుంటూ.

"నేను కట్టిస్తాను. నేను పార్షద్‌ని" అన్నాను.

ఆవిడ నవ్వింది. వెక్కిరింపు కాదు, పిల్లల మాటకి నవ్వినట్టు నవ్వి, "సరే, పార్షద్ జీకి ఓ మాట చెప్పి చూడు దీదీ" అంది. ఆవిడ ఉద్దేశంలో పార్షద్ జీ అంటే మావారు.

చెప్పాను కూడా. కానీ మావారి బుర్రనిండా అప్పటికే స్వాగత ద్వారం ఉంది. సెక్టారు మొదట్లో పెద్ద గేటు, అటో సింహం ఇటో సింహం, పైన మా పేరు. ఢిల్లీ చుట్టుపక్కల ఏ కాలనీకి వెళ్ళినా ఇలాంటి గేటొకటి ఉంటుంది, లోపల రోడ్డు ఉన్నా లేకపోయినా. రాబోయే కౌన్సిల్ మీటింగులో వార్డుకి ఒక్క పని మాత్రమే తీసుకుంటారు. "ముందు గేటు పడనీ. మరుగుదొడ్లదేముంది, ఎప్పుడైనా కట్టుకోవచ్చు" అన్నారు.

మీటింగుకి వారం ముందే నాకు కవాతు మొదలైంది. "లే. చెయ్యెత్తు. అధ్యక్ష్ మహోదయ్ అను. స్వాగత ద్వారం అను. కూర్చో." కూర్చోవడం కూడా నిటారుగా కూర్చోవాలి. సరిగ్గా చెబితే మీటింగు అయ్యాక ఢిల్లీలో అశోకా రోడ్‌కి తీసుకెళ్ళి తెలుగు భోజనం పెట్టిస్తానన్నారు. పప్పు, గోంగూర, కందిపొడి, నెయ్యి. దాచడమెందుకు, నాకు నోరూరింది. సంతలో ఇచ్చిన మాట ఒక పక్క, గోంగూర ఒక పక్క, మధ్యలో ఆయన మొహం. మీటింగు రోజు కారెక్కేటప్పటికి కూడా నేను ఏదీ తేల్చుకోలేకపోయాను.

హాల్లో మా ఆడ కౌన్సిలర్లందరికీ ఒక పక్కగా వరస వేశారు. అంతకుముందు ప్రమాణ స్వీకారం నాడు ఒక్కొక్కరి వెనక ఒక్కొక్క మొగుడు కుర్చీ వేసుకు కూర్చున్నాడు. కొత్తగా వచ్చిన కమిషనరు, సభ్యులు కానివాళ్ళంతా పైన గ్యాలరీలో కూర్చోవాలని ఆర్డరు వేశాడు. దాంతో గ్యాలరీ అంతా మొగుళ్ళే. మొగుడు రాలేనివాళ్ళకి మరిది, మరిది లేనివాళ్ళకి కొడుకు. స్కూలు వార్షికోత్సవంలో స్టేజి మీది పిల్లల్ని చూసే తల్లుల్లా రెయిలింగు మీంచి వంగి మరీ మమ్మల్నే చూస్తున్నారు.

ముందు టీ తిప్పారు. భయానికి గొంతు ఎండిపోయి ఉందేమో, నేను రెండు కప్పులు తాగాను. ఆ పైన ఒక గ్లాసు మంచినీళ్ళు. ట్రే మాత్రం మా వరస చివరిదాకా వెళ్ళి నిండుగానే వెనక్కి వచ్చింది. మిగతావాళ్ళు ఒక్కరూ ముట్టలేదు. ఏకాదశో ఏదో అయ్యుంటుంది, అందరూ ఉపవాసం కాబోలనుకున్నాను. మనకి తెలియని వ్రతాలు వీళ్ళకి బోలెడు. నా పక్కన, చాలాసార్లు నెగ్గిన ఒక పెద్దావిడ కూర్చుంది. తలమీద కొంగు సర్దుకుంటూ ఆవిడ నా ఖాళీ కప్పులకేసి జాలిగా చూసింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

సభ మొదలైంది. పోయినవాళ్ళెవరికో లేచి నిలబడి మౌనం పాటించాం. కిందటి మీటింగు మినిట్స్ చదివారు. అవి చదివినట్టు రాయలేదని ఒకాయన లేచాడు, రాసినట్టే చదివారని ఇంకొకాయన లేచాడు. వీధికుక్కల మీద చర్చ వచ్చింది. కుక్కల్లోంచి కోతుల్లోకి వెళ్ళారు, కోతుల్లోంచి ఎవరి హయాంలో ఎక్కువయ్యాయన్న దాంట్లోకి వెళ్ళారు. పదిమంది మేయరు బల్ల దగ్గరికి దూసుకెళ్ళి అరిచారు. మేయరు గంట కొట్టాడు. ఎవరూ వినలేదు, ఆయనా వింటారని కొట్టినట్టు లేదు. ఆ గొడవంతా నాకు సగమే వినబడుతోంది, ఎందుకంటే నా ధ్యాసంతా పొత్తికడుపు మీద ఉంది.

కాలు మీద కాలు వేసుకున్నాను. తీశాను. ముందుకు జరిగాను, వెనక్కి జరిగాను. ఫోను బల్ల మీద గిలగిల్లాడింది. ఎత్తాను, పైనుంచి మావారు.

"ఏటి అలా మెలికలు తిరుగుతున్నావ్? నిటారుగా కూర్చో. ఇక్కణ్ణుంచి చూస్తే బాగోలేదు."

ఫోను బోర్లించాను. మా వరసలో ఇంకో నాలుగు బల్లల మీద ఫోన్లు అలాగే కొట్టుకుంటున్నాయి. నాలుగు తలలు పైకి లేచి, నాలుగు తలలు ఊగాయి.

ఇక ఆగలేక పక్కనున్న పెద్దావిడ చెవిలో అడిగాను, ఆడవాళ్ళది ఎక్కడుందని.

"వరండా చివర ఉంది. తాళం వేసి ఉంది."

"తాళంచెవి?"

"కేర్‌టేకర్ దగ్గర ఉంటుందంటారు."

"ఆయనెక్కడ?"

"మొదటిసారి గెలిచినప్పటి నుంచీ వెతుకుతున్నాను" అంది ఆవిడ, మొహంలో ఏ మార్పూ లేకుండా. "అందుకే మీటింగు రోజు లేచిన దగ్గర్నుంచీ చుక్క నీళ్ళు ముట్టం. నీకెవరూ చెప్పలేదా బేటీ?"

ఆ వరసంతా చూశాను. టీచరుగా చేసినావిడ, ఇటుకబట్టీ ఓనరు కోడలు, లాయరు పిల్ల. అందరి పెదాలూ పొడిబారి ఉన్నాయి. ఊరి మంచిచెడ్డలు చూడమని జనం పంపిన ఆడవాళ్ళందరూ, సొరకాయలమ్ముకునే ఆవిడ చేసే పనే చేస్తున్నారు. నాకు కోపం వచ్చింది. సిగ్గూ వచ్చింది. అవి రెండూ కాక అసలు సంగతి ఎలాగూ ఉంది. లేచి వెళ్ళిపోదామంటే ఎక్కడికి వెళ్ళాలి? మా ఇల్లు అక్కడికి చాలా దూరం.

మధ్యాహ్నం దాటాక గొడవ సద్దుమణిగి, వార్డుల పనుల దగ్గరికి వచ్చారు. సెక్రటరీ ఒక్కొక్కటే చదువుతున్నాడు. మేయరు "పాస్?" అంటాడు, బల్లలు చరిచి "పాస్, పాస్" అంటారు. పరుగు పందెంలా సాగుతోంది. ఏ వార్డులో ఏం పాసయిందో ఆ వార్డు కౌన్సిలరు తలెత్తి చూసేలోపు తర్వాతి వార్డు వచ్చేస్తోంది. చివరికి మా వార్డు వచ్చింది. స్వాగత ద్వారం, అన్నాడు సెక్రటరీ. పైన మావారు రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. నేను లేవాలి, చెయ్యెత్తాలి.

మేయరు నావైపు చూడనే లేదు. గ్యాలరీకేసి చిరునవ్వు నవ్వి, "పార్షద్ జీ అంతా ముందే చెప్పారు. పాస్?" అన్నాడు.

లేచాను. కూర్చోవడం కంటే నిలబడటమే కష్టంగా ఉంది.

"పాస్ వద్దు" అన్నాను. నా హిందీ కంటోన్మెంటు క్యాంటీన్లలో, కూరగాయల బళ్ళ దగ్గర నేర్చుకున్నది. దానికి మర్యాదలు తెలియవు. "నాకు గేటు వద్దు. సంతలో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి కావాలి."

"మేడమ్, పార్షద్ జీతో మాట్లాడే..."

"పార్షద్‌ని నేను. ఆయన చూడ్డానికి వచ్చారు."

హాల్లో నవ్వులు లేచాయి. పైకి చూడలేదు, చూస్తే నోరు పడిపోతుందని తెలుసు. పుక్కిలించి ఉమ్మేసిన ఆవిడ గురించి చెప్పాను. రాళ్ళ గురించి చెప్పాను. ఆవిడ గోనె గురించి చెప్పాను. మేయరు గంట కొట్టాడు, కూర్చోమన్నాడు.

"కూర్చోలేనండీ" అన్నాను. "పొద్దున రెండు కప్పుల టీ తాగాను. ఈ బిల్డింగులో ఆడది ఎక్కడికి వెళ్ళాలో చెప్పండి, వెళ్ళొచ్చి కూర్చుంటాను."

వెనకెవడో ఈల వేశాడు. నా మొహం మండిపోయింది. అప్పుడు పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది. పెద్దావిడ లేచి నిలబడింది. తర్వాత టీచరు. తర్వాత లాయరు పిల్ల. చూస్తుండగానే మా వరసంతా నిలబడి ఉంది, రెండు పార్టీలవాళ్ళూ కలిసి. బల్లల మీద ఫోన్లన్నీ ఒకేసారి గిలగిల్లాడుతున్నాయి. ఒక్కరూ ఎత్తలేదు.

మేయరు సభ కాసేపు ఆపాడు. తాళంచెవి దొరకలేదు, తాళం పగలగొట్టారు. లోపల నిండా విరిగిన కుర్చీలు, పాత బ్యానర్లు. కౌన్సిలర్లమే కొంగులు దోపుకుని అవన్నీ వరండాలోకి ఈడ్చేశాం. పంపులో నీళ్ళు రాకపోతే పెద్దావిడ హాల్లోకి వెళ్ళి మేయరు బల్ల మీది నీళ్ళ సీసాలు కొంగునిండా వేసుకొచ్చింది. ముందు నన్నే పంపారు. ఎందుకంటే టీ తాగింది నేను కదా.

తిరిగి వచ్చాక మా వార్డుది ఒక్క నిమిషంలో పాసయింది. గేటు కాదు, మరుగుదొడ్డి.

మెట్ల దగ్గర మావారు కనిపించారు. "నలుగురిలో మాట్లాడాల్సిన మాటలేనా అవి? నా పరువు తీశావు" అన్నారు. కారు అశోకా రోడ్ వైపు తిరగలేదు. ఇంటికి వెళ్ళి చారన్నం తిన్నాం, ఆయన హాల్లో, నేను వంటింట్లో.

కానీ ఆయనకి ఒక గుణం ఉంది. ఎక్కడ తాపీ చప్పుడు వినిపించినా ఇంట్లో నిలవలేరు. సంతలో పునాది తీశారని తెలిసి, అలక మరిచిపోయి వెళ్ళి మేస్త్రీల నెత్తిన కూర్చున్నారు. గడియ లోపలి వైపు గట్టిగా ఉండాలని, బల్బు ఉండాలని, ట్యాంకు ఎత్తున ఉండాలని కేకలు. ఈమధ్య "పార్షద్ జీ ఉన్నారా?" అని ఫోనొస్తే కొంచెం గొంతు సవరించుకుని "ఉండండి, పిలుస్తాను" అంటున్నారు. మొహం ముడుచుకునే అంటారనుకోండి, అయినా అంటున్నారు.

ఆ మరుగుదొడ్డి తలుపులు తెరిచిన తర్వాత ఒక మధ్యాహ్నం సంతకి వెళ్ళాను. సొరకాయలావిడ అదే గోనె మీద ఉంది. నన్ను చూడగానే గోనె కిందినుంచి పెద్ద సీసా తీసి, తలెత్తి, గటగటా తాగింది. మెడ మీంచి కారి జాకెట్టు తడిసిపోతున్నా ఆపలేదు. చివరికి మూతి తుడుచుకుని, ఆ సీసా నాకేసి చాపింది.

"ఇంద, పార్షద్ జీ" అంది. "నువ్వూ తాగు."

నాకు దాహంగా లేదు. అయినా తాగాను.