కోటయ్య మాస్టారు పెట్టిన ముహూర్తం

మీరు నమ్మని దాన్ని రోజుకు ఎన్నిసార్లు తలుచుకుంటారు? తొందరపడి ఒక్కసారీ లేదనకండి. నేనూ అలాగే అనేవాణ్ణి. నిన్న పటమటలో పచారీ కొట్టాయన కొత్త క్యాలెండరు చుట్టచుట్టి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి రబ్బరుబ్యాండు తీయగానే పచ్చి సిరా వాసన గుప్పుమంది. ఇన్నేళ్ళుగా హేతువాదం రాస్తున్నవాణ్ణి, నా కళ్ళు సెలవుల మీదికి పోలేదు. తేదీ కింద చీమల బారులా అచ్చువేసిన రాహుకాలం దగ్గర ఆగాయి. నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. ఆ వెంటనే కోటయ్య మాస్టారు గుర్తొచ్చారు.

ఆయన్ని మీరెరగరు. పామర్రు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరై, పటమటలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు గాని ఇతరుల పెళ్ళిళ్ళు వందల్లో చేయించారు. అవి దండల పెళ్ళిళ్ళు. పురోహితుడు ఉండడు, మంత్రం ఉండదు. వధూవరులు నాలుగు మాటలు చెప్పి, దండలు మార్చుకుని, సంతకాలు చేస్తారు. మాస్టారు అధ్యక్షోపన్యాసం చేస్తారు. అన్నిటికంటే ముఖ్యం, పెళ్ళి సరిగ్గా రాహుకాలంలో జరగాలి. మూఢనమ్మకం మొహాన కొట్టినట్టుండాలని మా హేతువాద సంఘంవాళ్ళు పెట్టుకున్న ఆనవాయితీ అది. నేను ఆయనకు శిష్యుణ్ణయింది ఉయ్యూరులో ఒక చర్చాగోష్ఠి తర్వాత. జాతకాలను సమర్థించిన ఒక పెద్దాయన్ని నేను వేదిక మీద చీల్చి చెండాడాను. జనం చప్పట్లు కొట్టారు. తిరుగు బస్సులో మాస్టారు మెల్లిగా అడిగారు: "ఆయన ఏమన్నాడో ఒకసారి చెప్పవయ్యా." నేను తడబడ్డాను. "వినకుండానే గెలిచావన్నమాట" అని కిటికీవైపు తిరిగారు.

తొంభైల చివర్లో ఆయనకు మలేషియా నుంచి ఉత్తరం వచ్చింది. అక్కగారు అనసూయమ్మ పెళ్ళయిన నెలకే మద్రాసులో ఓడ ఎక్కి, రబ్బరు తోటలో గుమాస్తాగా ఉన్న భర్తతో అక్కడికి వెళ్ళిపోయింది. మాస్టారి తమ్ముడొకాయన సింగపూర్‌లో స్థిరపడ్డాడు. ఇప్పుడు అనసూయమ్మగారి మనవరాలు భానుకి పెళ్ళి. మేనమామ ఉత్తరాలు చదువుతూ పెరిగిన భాను తండ్రి, దండల పెళ్ళే చేస్తాననీ, వేళ కూడా మామయ్యే పెట్టాలనీ రాశాడు. మాస్టారు క్యాలెండరు చూసి ఆదివారం సాయంత్రం నాలుగూ ముప్పావు అని జవాబు రాశారు. అక్కగారు కాదనలేదని తిరుగు టపాలో ఉత్తరం వచ్చింది. "మా అక్క మారిందయ్యా" అని ఆ ఉత్తరం నాకు మూడుసార్లు చదివి వినిపించారు. ఆయన కళ్ళకు శుక్లాలు, ఒంటరిగా పంపడం భయం. అప్పటికి నేను బళ్ళో పనిచేస్తున్నాను. సెలవు పెట్టి తోడు బయల్దేరాను.

విమానంలో ఆయన ఒక సంగతి చెప్పారు. అక్క పెళ్ళినాటికి తనకు పద్దెనిమిదేళ్ళు. హోమం దగ్గర పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది ఆమె అన్నో తమ్ముడో. ఆయన పోయనన్నారు. నమ్మని పని చేయనని పందిట్లోంచి వెళ్ళిపోయారు. చిన్న తమ్ముడు మరీ పసివాడు గనక దూరపు బంధువెవరో పోశాడు. "నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోనయ్యా. కానీ దోసిలి పట్టుకుని అక్క నా వైపు చూసిన చూపు ఉంది చూశావా, దానికి నా దగ్గర జవాబు లేదు. ఈ పెళ్ళిలో పక్కన నిలబడాలని ఉంది, అంతే." దాదాపు యాభై ఏళ్ళుగా ఆయన అక్కను చూడలేదు.

సింగపూర్‌లో తమ్ముడింట్లో రెండు రోజులుండి, బస్సులో అనసూయమ్మగారి ఊరు చేరాం. ఆవిడ గుమ్మంలోనే తమ్ముడి మొహం రెండు చేతుల్తో పట్టుకుని, "ఏంట్రా కోటీ, అంతా ఎముకలే. ఆ దేవుడు లేడు సరే, అన్నం కూడా లేదా?" అంది. మాస్టారు నవ్వడానికి ప్రయత్నించి కళ్ళజోడు తుడుచుకున్నారు.

పెళ్ళికి ముందురోజు టిఫిను దగ్గర సంగతి బయటపడింది. "నువ్వు రాహుకాలానికి ఒప్పుకున్నావంటే నాకెంత సంతోషమయిందో తెలుసా అక్కా" అన్నారు మాస్టారు.

ఆవిడ ఇడ్లీ వడ్డిస్తూ ఆగింది. "రాహుకాలమేంట్రా? అది మీ బెజవాడ లెక్క. ఇక్కడ ఏడింటికి గాని తెల్లారదు. అయిదున్నర దాటితేగాని రాహుకాలం రాదు. నాలుగూ ముప్పావు శుభ్రమైన టైము. గుళ్ళో పంతులుగారు కూడా బాగా కుదిరిందన్నాడు."

మాస్టారి చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. నేను ఊరుకోలేదు. స్థానిక పత్రికలో సూర్యోదయం, సూర్యాస్తమయం చూసి, పగటిని ఎనిమిది భాగాలు చేసి, కాగితం మీద గుణించి చూపించాను. ఏ సిద్ధాంతీ అంత శ్రద్ధగా గుణించి ఉండడు. "మాస్టారూ, ఆరింటికి మార్చండి. లేకపోతే ఇది పంతులుగారు పెట్టిన పెళ్ళే అవుతుంది" అన్నాను. ఆయన కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశారు. చివరికి, "అయితే ఆరింటికి" అన్నారు.

అనసూయమ్మగారు గొంతు పెంచలేదు. "నేను రానురా. దాన్ని ఈ చేతుల్తో పెంచాను. తెలిసి తెలిసి చెడ్డ వేళలో నిలబడి అక్షింతలెయ్యలేను. నా పెళ్ళిలో నువ్వు పక్కన లేవు, దీని పెళ్ళిలో నేనుండను. చెల్లుకి చెల్లు." లోపలికెళ్ళి తలుపేసుకుంది.

మధ్యాహ్నం భాను వచ్చింది. ఆమె అక్కడి ఆసుపత్రిలో నర్సు. పెళ్ళికి ముందురోజు కూడా డ్యూటీ చేసి, తెల్ల యూనిఫారంలోనే ఉంది. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు గనక అచ్చం పామర్రు పాత యాస. సంగతంతా విని, చెప్పులు విడుస్తూ అంది: "ఆరింటికైతే నాయనమ్మ రాదు. నాలుగూ ముప్పావుకైతే తాతయ్య రాడు. నా పెళ్ళికి నేనొక్కదాన్నే వస్తానల్లే ఉంది."

మాస్టారు కాగితం మడిచి పక్కన పెట్టారు. "నీకు ఎప్పుడు కావాలమ్మా?"

ఆ పిల్ల తెల్లబోయింది. ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. పంతులుగారు అడగలేదు, మేమూ అడగలేదు. "మూడింటికి పెడితే బాగుంటది తాతయ్యా. మా వార్డు వాళ్ళు రెండింటికి డ్యూటీ దిగుతారు. ముఖం కడుక్కుని చీరలు కట్టుకోవద్దూ? నాలుగూ ముప్పావంటే సాయంత్రం బస్సులు పోతాయని సగం మంది రామన్నారు."

మాస్టారు లేచి అక్క గది తలుపు దగ్గర నిలబడ్డారు. "అక్కా, పిల్ల మూడింటికి అడుగుతోంది. ఆ వేళ ఎలాంటిదో నేను చూడను. నువ్వూ చూడకు. ఒక్కసారికి." లోపల్నుంచి జవాబు రాలేదు. ఆయన నా వైపు తిరిగి, "అక్క రాహుకాలాన్ని చూసి పారిపోయింది, మనం దాని వెంట పరిగెత్తాం. ఈ పిల్ల మొహం ఎవరం చూశామయ్యా?" అన్నారు. నా చేతిలో పెన్ను ఇంకా మూత తీసే ఉంది.

మర్నాడు మూడింటికి హాలు నిండా నర్సులు. తెలుగువాళ్ళు, తమిళులు, మలయులు, చీనా అమ్మాయిలు. దండలు మార్చుకోబోతుండగా అనసూయమ్మగారు వచ్చింది. మాస్టారు పక్కకు జరిగి చోటిచ్చారు. అక్షింతల పళ్ళెం ఆయనే పట్టుకున్నారు. ఆవిడ అందులోంచి తీసుకుని వేసింది. గంట ఉపన్యాసం రాసుకొచ్చిన మనిషి రెండు నిమిషాల్లో ముగించి మైకు పెళ్ళికూతురికిచ్చారు. అనసూయమ్మగారు పంచాంగం చాటుగా చూసుకుని వచ్చిందా అని నేను గొణిగితే, "అడిగావంటే నిన్ను ఇక్కడే వదిలేసి పోతా" అన్నారు. ఇప్పటికీ ఆ మూడు గంటల వేళ ఏ కాలమో నేను చూడలేదు.

బెజవాడ తిరిగొచ్చాక మావాళ్ళు ఊరుకుంటారా? ఆదివారం సమావేశంలో ఒకాయన, "అక్కగారి కోసం రాహుకాలాన్ని వదిలేశారటగా మాస్టారూ" అని ఎత్తిపొడిచాడు. "అవునండీ. మీరింకా వదల్లేదా?" అన్నారాయన. ఆ తర్వాత చేయించిన ప్రతి పెళ్ళికీ ముందు జంటను కూచోబెట్టి, మీకు ఏ వేళ కుదురుతుందని అడిగేవారు. కొందరు అమ్మానాన్నల కోసం మంచి రోజే అడిగారు. ముహూర్తాలకు ఏ ఆధారమూ లేదని వాళ్ళకు నిక్కచ్చిగా చెప్పేవారు. చెప్పి, ఆ రోజే వెళ్ళేవారు. రెండువేల దశకం మధ్యలో ఆయన పోయారు.

నేను మెత్తబడలేదు. జాతకాలు అబద్ధమని నిన్న రాశాను, రేపూ రాస్తాను. కానీ ఒకరి జీవితం గురించి తీర్పు రాయబోయే ముందు పెన్ను మూత పెట్టి, ఆ మనిషి ఎదురుగా కూచోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. చాలాసార్లు కష్టంగా ఉంటుంది. నేను అనుకున్న జవాబు రాదు.

మీ ఇంట్లోనూ ఈపాటికి ఎవరి గురించో ఏదో నిర్ణయమైపోయి ఉంటుంది. చదువో, పెళ్ళో, మకాం మార్పో, ఆపరేషనో. ఆచారం పేరుతో కావచ్చు, అభ్యుదయం పేరుతో కావచ్చు. ఆ మనిషి పక్క గదిలోనే ఉంటారు. ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. వెళ్ళి, నీకేం కావాలని అడగండి. చెప్పడం పూర్తయ్యేదాకా నోరు విప్పకండి.