రోజూ చచ్చే మా మరిది

మా మరిదిని నాటక కంపెనీలో అందరూ బండరాయి అంటారు. దెబ్బ తగిలినా, చప్పట్లు మోగినా మొహం ఒకేలా ఉంటుంది. కంపెనీలో కత్తియుద్ధాలు అతనివి, కుట్టుమిషనూ తెర తాడూ నావి. మా ఆయన తమ్ముడని గొప్పలు పోవడం కాదు గానీ, అలాంటి కత్తిసాము ఇంకెక్కడా చూడలేదు. అలాంటివాణ్ణి పట్టుకుని, లారీ ప్రమాదమయ్యాక, నువ్వొక్కడివే దెబ్బ తగలకుండా ఎలా బయటపడ్డావయ్యా అని అడిగారు కొందరు. ఆ నోళ్లను అక్కడికక్కడే కుట్టేయాలనిపించింది నాకు.

మా నాటకానికి పేరంతా ఆఖరి రంగం వల్లే వచ్చింది. సింహాసనం కోసం అన్నదమ్ములు కత్తులు దూస్తారు. ఎవరు గెలవాలో ముందుగా రాసి ఉండదు. కత్తులు మొద్దువే అయినా పోటీ మాత్రం నిజం. ఎవరి కత్తి ముందు చేజారితే వాళ్లు చావాలి. రెండు ముగింపులకూ మాటలు ఇద్దరికీ కంఠతా వచ్చు. ఆట అయ్యాక సామాను లారీలో ఇంకో ఊరికి బయల్దేరతారు. చచ్చినవాడు డ్రైవరు పక్కన కూర్చుని, అతనికి నిద్ర రాకుండా కబుర్లు చెప్పాలి. గెలిచినవాడు వెనకాల తెరల మూటల మీద హాయిగా పడుకోవచ్చు. ఈ దిక్కుమాలిన పద్ధతి ఎవడు పెట్టాడో గానీ!

ఆ ప్రమాదం రోజు, మా మరిదితో తలపడే జోడీ కాలు జారి కత్తి వదిలేశాడు. బక్కోడని పిలిచేవాళ్లం అతన్ని. నవ్వుకుంటూ వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు. తెల్లవారుతుండగా లారీ వంతెన గోడను గుద్దింది. వెనక బస్సులో వస్తున్న మేమంతా దిగి పరుగెత్తేసరికి బక్కోడు పోయాడు. డ్రైవరు కాలు విరిగింది. వెనక మూటల మీద పడుకున్న మా మరిది ఒంటి మీద గీత కూడా పడలేదు.

అది మొదలు అతను గెలవడం మానేశాడు. కొత్త జోడీ నిన్నగాక మొన్న కత్తి పట్టినవాడు. వాడి ముందు కావాలని కత్తి దించేసి, రొమ్ము ఎదురొడ్డి నిలబడతాడు. చచ్చి, వెళ్లి ముందు సీట్లో కూర్చుంటాడు. చొక్కాల నిండా చిరుగులు, మరకలు. ఉతికేదీ కుట్టేదీ నేనేగా! మొన్న కనుబొమ మీద తగిలి, వెంట్రుకవాసిలో కన్ను దక్కింది. కొత్త జోడీ హడలిపోయి ఇక తనవల్ల కాదన్నాడు. యజమాని మాత్రం ఇవేవీ పట్టించుకోక, ఆడాల్సిందేనని వాణ్ణి కసిరాడు. ఆ చావు చూడ్డానికే జనం విరగబడుతున్నారట. కట్టు కనపడకుండా కిరీటం కాస్త కిందికి దింపి కుట్టమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి ప్రాణం పోయేలా ఉంటే వీడికి కిరీటం కావలసొచ్చింది! మరిదిని నిలదీస్తే, పరవాలేదు వదినా అన్నాడంతే. గోడకి చెప్పుకున్నట్టయింది.

తిన్నగా టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్లాను. అక్కడ కూర్చునేది బక్కోడి భార్య. మొగుడు పోయాక ఆవిడ ఆ రంగం చూడటం మానేసింది. జరుగుతున్నదంతా ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ కిటికీ మూసి, వేషాల గదిలోకి విసురుగా వచ్చింది. మా మరిది అద్దం ముందు కట్టు మీద రంగు పూసుకుంటున్నాడు.

"అన్నయ్యా, మా ఆయన ఒక్కసారి చచ్చాడు. నువ్వు రోజూ ఆయన్ని చంపుతున్నావు. దానికి టికెట్లు నా చేత్తో చింపిస్తున్నావు. ఇదేం న్యాయం?"

అతను రంగు గిన్నె పక్కన పెట్టాడు. తర్వాత అద్దంలోకి చూస్తూనే అన్నాడు. "ఆ రోజు మెలకువ వచ్చి, ఒళ్లంతా తడుముకుని, అమ్మయ్య బతికాననుకున్నానమ్మా. ముందు అదే అనుకున్నాను. వాడు ఆ తర్వాతే గుర్తొచ్చాడు."

ఇన్నాళ్లూ లోపల కుళ్లబెట్టుకున్నది ఇదన్నమాట. ఏ మనిషైనా అలాగే అనుకుంటాడు కదా, దీనికా ఇంత శిక్ష!

"నేనూ అదే అనుకున్నాను. నువ్వు లారీ దిగి నడిచొస్తుంటే, ఒకడైనా మిగిలాడనుకున్నాను. ఆ ఒక్కణ్ణీ లేకుండా చేస్తే ఊరుకోను," అందావిడ.

ఆ పూట అతను కత్తి దించలేదు. చివరికి కొత్త జోడీ కత్తి ఎగిరి పక్క తెర దాటి పడింది. అక్కడే నిలబడి చూస్తున్న ఆవిడ నా భుజం గట్టిగా పట్టుకుంది. చావు చూద్దామని వచ్చిన జనం గొణుక్కున్నారు. మా మరిది గెలిచినవాడి మాటలు మొదలుపెట్టి, మధ్యలో మరిచిపోయి, అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు. తెర దించమని యజమాని గొంతు చించుకున్నాడు. అరుచుకోనీ. తెర తాడు నా చేతిలో ఉంది. అతని ఏడుపు తీరేదాకా నేను వదల్లేదు.